సిరిసిల్లలో లేవని పెట్టె

ఒక్క మాట మారిస్తే పోయే లోపం కోసం జగిత్యాల నుంచి సిరిసిల్లకు తొమ్మిదిసార్లు బస్సెక్కినవాణ్ణి నేను. ఆ ఒక్క మాటను పట్టుకోగల మనిషి కోరుట్లలో ఉన్నాడని, తనంతట తానే వచ్చి చూస్తానన్నాడని, వద్దని కరాఖండిగా చెప్పింది కూడా నేనేనని తెలిస్తే నా నిర్ణయం విలువ మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. గిన్నెల దుకాణంలో పుట్టి పెరిగిన మా వంశంలో నష్టానికి సరుకు అమ్మినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఊరికే చేతికి అందుతున్నదాన్ని తోసేసి, మళ్లీ దానికోసమే ఊళ్లు పట్టుకుని తిరిగిన ఘనత మాత్రం నా ఒక్కడిదే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా చిన్నబిడ్డ ఇంటికి వచ్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న వాళ్లమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ముచ్చట ఆపకుండానే బోయినపల్లిలోని ఒక ఎరువుల దుకాణం కంప్యూటర్‌లోకి దూరిపోయింది. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తోంది, అక్కడి బాణం గుర్తు ఇక్కడి వేలికి కదులుతోంది, ఆ దుకాణదారు ఫోన్‌లో "ఆ మేడం, అయితుంది, అయితుంది" అంటున్నాడు. చిక్కుళ్లు సగం కూడా కాలేదు, అక్కడి లోపం సరైపోయింది. కన్నబిడ్డను చూసి ఈర్ష్యపడే తండ్రిని మీరు ఇంతవరకు చూసి ఉండకపోతే నన్ను చూడవచ్చు. మా రోజుల్లో పక్క ఊళ్లోని బాణం గుర్తును కదిలించాలంటే ముందు మనం కదలాలి, అంతకుముందు బస్సు కదలాలి, ఆ బస్సు వేములవాడలో టీ తాగే కండక్టర్ కోసం ఆగితే మనమూ ఆగాలి.

ఈర్ష్య మాకు దుకాణంతో పాటు వచ్చిన గుణం. మా నాయన గల్లాపెట్టె ముందు కూర్చుని, తన దగ్గరికి వచ్చినవాళ్లకంటే ఎదుటి దుకాణంలోకి పోయినవాళ్లనే ఎక్కువ శ్రద్ధగా గమనించేవాడు. రాయికల్ నుంచి పెళ్లిసామానుకు వచ్చిన జీపు అటువైపు ఆగితే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. నేను అక్షరాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను, బేరంకంటే ముందు ఎదుటివాడి గిరాకీని చూసి కుమిలిపోవడం నేర్చుకున్నాను. తర్వాత కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, బట్టల దుకాణాలకు బిల్లులు కొట్టే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసి, జగిత్యాలలో రెండు దుకాణాలకు, కోరుట్లలో మూడింటికి అమ్మేసరికి నన్ను మించినవాడు లేడన్న ధీమా కూడా వచ్చింది.

ఆ ధీమా అంతా అత్తగారింటి గడప దాటగానే దిగిపోయేది. కారణం నా తోడల్లుడు, మా వైపు మాటలో సడ్డకుడు. మా మామకు ఇద్దరు బిడ్డలు. పెద్దామె నాకు, చిన్నామె ఆయనకు. ఆయన కోరుట్లలో కంప్యూటర్లు, యూపీఎస్‌లు బాగుచేసేవాడు. నేను ప్రోగ్రామ్ అమ్మిన చోటల్లా యంత్రం సంగతి ఆయన చూసుకునేవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు, ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎట్లున్నవని అడిగేవాడు. నిజం చెప్పాలంటే అంత మంచి తమ్ముడు నాకు సొంత అన్నదమ్ముల్లోనూ లేడు. అయినా అత్తగారింట్లో ఫ్యాన్ ఆగితే జగిత్యాలలో ఉన్న నన్ను వదిలి కోరుట్లకు ఫోన్ చేసేవాళ్లు. మామ వచ్చినవాళ్లకల్లా, "చిన్నల్లుడు మాట్లాడడు, పని జేస్తడు. పెద్దల్లుడు మాట్లాడ్తడు" అని పరిచయం చేసేవాడు. ఆ రెండో వాక్యం ఎప్పుడైనా ఇంకొంచెం ముందుకు సాగుతుందేమోనని ఏళ్ల తరబడి చెవులు రిక్కించి కూర్చున్నాను. సాగలేదు.

సిరిసిల్లలో బట్టల దుకాణం నడిపే పెద్దత్త, అంటే మా అత్తకు అక్క, నా ప్రోగ్రామ్ తీసుకుంటానన్నప్పుడు అందుకే అంత పొంగిపోయాను. పెద్దమామ పోయిన తర్వాత ఆమె ఒక్కతే ఆ దుకాణాన్ని నిలబెట్టుకొచ్చింది. చీరల దగ్గర, తువ్వాళ్ల దగ్గర ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు, నేనూ గెలవలేదు. ధర తగ్గించలేక, తగ్గించకుండా ఉండలేక, చివరికి ఒక కొసరు వేశాను. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి, తెర మీద ప్రతి బటన్ మీదా తెలుగులో రాసిస్తానన్నాను. మిగతా ఐదు దుకాణాల్లో లేని వైభోగం అది. వారం రోజులు కూర్చుని ఇంగ్లీషు మాటలన్నిటినీ తెలుగులోకి మార్చాను. యూపీఎస్ మాత్రం సడ్డకుడి దగ్గర కొనిపించాను.

పదిరోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక ఉదయం ఫోన్ వచ్చింది.

"అల్లుడూ, నీ పెట్టె లేస్తలేదు."

పెట్టె లేస్తోంది గానీ నా ప్రోగ్రామ్ లేవడం లేదని, ఖాతా ఫైలు పాడైందని చెప్పి ఆగిపోతోందని తేలడానికి అరగంట పట్టింది. మళ్లీ నాలుగు రోజులకు అదే ఫోన్. మళ్లీ రెండు రోజులకు. జగిత్యాలలో ఆగలేదు, కోరుట్లలో ఆగలేదు, మా ఇంట్లో నా కంప్యూటర్ మీద పొద్దంతా తిప్పలు పెట్టి చూసినా ఆగలేదు. ఒక్క సిరిసిల్లలోనే ఆగుతోంది. నేను పోయి, చెడిన ఫైలును సరిచేసి, రోజంతా అక్కడే కూర్చుంటే చక్కగా నడిచేది. మర్నాడు ఉదయం నేనుండగానే నవ్వుతూ లేచేది. నేను తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే మళ్లీ ఫోన్.

"నువ్వుంటే మంచిగుంటది అల్లుడూ. నువ్వు పోంగనే అలుగుతది. ఇగ నువ్వు గీన్నే ఉండిపో, గుమాస్తా కొలువిస్త" అనేది పెద్దత్త.

ఫోన్‌లో అడగవలసినవన్నీ అడిగాను. సాయంత్రం సరిగ్గా బంద్ చేస్తున్నారా అని కూడా అడిగాను. "నా చేతులతోటే బంద్ జేస్తున్న, ఎవ్వల్ని ముట్టనిస్తలేను" అన్నది. అంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుందని ఆ దారి వదిలేశాను. మరమగ్గాల వల్ల కరెంటు ఎగుడుదిగుడు అవుతోందన్నాను, పత్తి నూగు లోపల చేరిందన్నాను, బల్ల కింద ఎలుకలున్నాయన్నాను. ఎలుకలు నిజంగానే ఉన్నాయి గానీ వాటికి నా ఫైళ్ల మీద ఆసక్తి లేదు.

ఇక మిగిలింది యూపీఎస్. అనుమానం దాని మీదికి మళ్లిన రోజు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అది సడ్డకుడు అమ్మిన సరుకు. పరీక్ష చేయకుండానే తీర్పు చెప్పేశాను. అత్తగారింట్లో భోజనాల దగ్గర, మామ వినేటట్టు, నా ప్రోగ్రామ్‌లో లోపం లేదని, చౌక సరుకు పెడితే ఎవరి ప్రోగ్రామైనా ఆగుతుందని అన్నాను. సడ్డకుడు ముద్ద కలుపుతూ ఆగి, "అన్నా, నేనొక్కసారి పోయి చూసొస్త" అన్నాడు. వద్దన్నాను. నా గిరాకీలోకి నువ్వు రావద్దని, అంత మాటా అన్నాను. ఆయన యూపీఎస్‌ను వెనక్కి తెప్పించుకుని పెద్దత్త డబ్బు ఆమెకు పంపేశాడు. నేను కరీంనగర్ నుంచి ఇంకోటి తెచ్చి పెట్టాను. మూడో రోజుకు మళ్లీ ఆగింది.

బతుకమ్మ పండుగకు నెల ఉందనగా పెద్దత్త తేల్చి చెప్పింది. చీరల గిరాకీ మొదలయ్యేలోగా ఇది బాగుపడాలి, లేకుంటే చిన్నల్లుణ్ణి పిలుస్తానన్నది. పెట్టెను బయట పారేస్తానని ఉంటే తట్టుకునేవాణ్ణేమో. ఆ బజారులోని బట్టల దుకాణాలన్నీ ఈ ఒక్క దుకాణం ఎట్లా నడుస్తుందోనని చూస్తున్నాయి, వాటన్నిటి ముందు నా ప్రోగ్రామ్‌ను ఆయన వచ్చి లేపితే ఇక సిరిసిల్లలో ఆయన మాటే చెల్లుతుంది, నేను మాట్లాడే అల్లుడిగానే మిగిలిపోతాను. ఆ నెలలో ఇంకా నాలుగుసార్లు బస్సెక్కాను. ప్రోగ్రామ్‌లో సగం తిరిగి రాశాను. లోపం అట్లాగే ఉంది.

పండుగకు వారం ముందు, మధ్యాహ్నం, సడ్డకుడు ఫోన్ చేశాడు. ఆదివారం కాదు.

"అన్నా, కోపం జెయ్యకు. పెద్దత్త పిలిస్తే నిన్న సిరిసిల్ల వొయ్యిన."

ఆయన నెమ్మదిగా చెప్పుకుపోయాడు. కంప్యూటర్ విప్పలేదట, ప్రోగ్రామ్ ముట్టుకోలేదట. చీరలు పరిచే గద్దె మీద ఓ మూల కూర్చుని, పెద్దత్త పోసిన చాయ్ తాగుతూ, పొద్దూకేదాకా ఆమె చేతుల్ని చూశాడట. దుకాణం కట్టే వేళకు ఆమె దేవుడి పటానికి అగరుబత్తి తిప్పి, కళ్లకద్దుకుని, తెర వైపు కూడా చూడకుండా పోయి మెయిన్ స్విచ్ దించి, కూకూమంటున్న యూపీఎస్ పీక నొక్కిందట.

నా ప్రోగ్రామ్‌లో చివరి బటన్ నొక్కితేనే ఆనాటి బిల్లులు ఖాతాలోకి చేరి ఫైలు క్షేమంగా ముడిపడుతుంది. నొక్కకుండా కరెంటు తీస్తే ఒక్కోసారి ఫైలు నడుమ తెగిపోతుంది. నేను సిరిసిల్లలో ఉన్న రోజుల్లో, నేనుండగా మీకెందుకు శ్రమ అని, ఆ బటన్ నేనే నొక్కేవాణ్ణి. ఇంగ్లీషులో ఉన్న చోట దాని మీద ఎగ్జిట్ అని ఉంటుంది, ఎవరికీ పట్టింపు లేదు. పెద్దత్త కోసం నేను ప్రత్యేకంగా తెలుగు చేసి, పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగులో 'దుకాణం మూయి' అని రాశాను.

ఎందుకు నొక్కడం లేదని సడ్డకుడు అడిగితే ఆమె అన్న మాటల్ని ఆయన నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "మీ పెద్దమామ పోయినంక ఇగ ఇది మూస్తదని బజారంత అనుకున్నరు. మూయలే. గిప్పుడు దినాం పొద్దూకంగ నా ఏలుతోటి మూయి మూయి అని ఒత్తాల్నా కొడుకా? మీ అన్న సదువుకున్నోడు, ఏదో రాసిండు. నేనైతే ఒత్తను."

నా జన్మలో మా నాయన నోట దుకాణం మూశామన్న మాట వినలేదు. సాయంత్రమైతే కట్టినం అనేవాడు. మూశారంటే దివాలా తీశారని అర్థం. మా బజారులో ఎవరి గురించైనా ఆ మాట అనవలసివస్తే గొంతు తగ్గించి అనేవాళ్లు. అటువంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇంగ్లీషు మాటకు తెలుగు మాట అతికించే హుషారులో, ఒంటరిగా దుకాణం నడుపుకొస్తున్న ఆడమనిషి ముందు ఆ మాట ఎర్ర రంగులో వెలిగించి పెట్టి, దానికి కొసరు అని పేరు పెట్టాను.

"'కట్టు' అని మార్చు అన్నా, అయిపోతది" అన్నాడు సడ్డకుడు. "నువ్వే పోయి మార్చు. నేనొచ్చినట్టు ఎవ్వలికి చెప్పకుమన్న పెద్దత్తకు."

అప్పుడు నాకు కృతజ్ఞత కలిగి ఉంటే ఈ కథ ఇంకో రకంగా ఉండేది. నాకు కలిగింది అసలు సిసలు ఈర్ష్య. లోపం దొరికిందన్నదానికంటే, దొరికినదాన్ని అట్లా ఊరికే ఇచ్చేయగలుగుతున్నాడే అన్నది నన్ను ఎక్కువ కాల్చింది. నేను పోయి మాట మార్చాను. పెద్దత్త నా పక్కనే నిలబడి చూసింది.

"దొరికిందా అల్లుడూ?"

"దొరికింది పెద్దత్తా."

"ఎట్ల దొరికింది?"

"బాగా ఆలోచించిన."

ఆమె కొంగుతో నవ్వు తుడుచుకుని, "మంచిగ ఆలోచించినవ్ తియ్యి" అని చాయ్ తెప్పించింది. ఆ చాయ్ అంత చేదుగా ఎప్పుడూ తాగలేదు, అయినా గ్లాసు ఖాళీ చేశాను. తర్వాత అత్తగారింట్లో పండుగ భోజనాల దగ్గర, సిరిసిల్ల సంగతి మామ అడిగితే, మూయి అన్న మాటను నేనెట్లా కనిపెట్టానో పూసగుచ్చినట్టు చెప్పాను. అగరుబత్తి దగ్గర్నుంచి చెప్పాను. మామ చాలాసేపు తలూపి, "పెద్దల్లుడు మనిషిని చదివిండు" అన్నాడు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట. సడ్డకుడు ఎదురు విస్తరి ముందే ఉన్నాడు. తలెత్తి నన్ను ఒకసారి చూసి, పెరుగు అడిగి, తినడంలో పడ్డాడు. నిజం చెబుతాడేమోనని నేను భయపడలేదు. చెప్పడని నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే అంత వివరంగా చెప్పాను.

ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆదివారాలు ఫోన్ చేయడం మాత్రం మానేశాడు. ఎదురుపడితే అన్నా అనే అంటాడు, కుర్చీ కూడా జరుపుతాడు. నేను పిలిస్తే పనికి వచ్చేవాడు, చేసి వెళ్లేవాడు, చూసొస్తానని మళ్లీ ఎన్నడూ అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు, ఎందుకంటే అడిగితే వెంటనే క్షమిస్తాడు, అది కూడా ఆయన ఖాతాలోకే పోతుంది.

పెద్దత్త దుకాణం చూసి ఆ బజారులో ఇంకా ఏడు దుకాణాలు నా ప్రోగ్రామ్ తీసుకున్నాయి. మామ తాను పోయేదాకా ఆ 'మనిషిని చదివిండు' అన్న మాట అంటూనే ఉన్నాడు. ఏడింటిలో రెండు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులయ్యాయి, మిగతా ఐదింటిలో నా ప్రోగ్రామ్ తీసేసి ఎక్కడివో కొత్తవి పెట్టుకున్నారు, ఇప్పుడు ఆ దుకాణం చూసుకుంటున్న పెద్దత్త కోడలు కూడా ఫోన్‌లోనే బిల్లు కొడుతోంది. నేను రాసిన ప్రోగ్రామ్ నడుస్తున్న కంప్యూటర్ ఈ మూడు ఊళ్లలో ఇవాళ ఒక్కటీ లేదు. వచ్చింది ఏడు దుకాణాలు, ఒక మెప్పు. పోయింది ఒక తమ్ముడు. బేరం నేను ఆడిందే కాబట్టి తగ్గించమని అడగడానికి ఎవరూ లేరు.