బేస్‌మెంట్‌లో ఆరు మొక్కలు

అమెరికా వచ్చిన కొత్తలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపెట్టినవి బేస్‌మెంట్లు. ఇంటికింద ఇంకో ఇల్లు! మా ఒంగోలు పక్క పల్లెల్లో ఇంటికింద ఏదన్నా ఉందంటే అది ఎలకల కన్నమో, చీమల పుట్టో అయ్యుండాలి. ఇక్కడ మెట్లు దిగితే బట్టలుతికే మిషన్, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, విరిగిన కుర్చీలు, ఎప్పటివో తెలియని జామ్ సీసాలు. బట్టలు మిషన్‌లో పడేసి, అవి తిరుగుతున్నంతసేపూ ఆ సీసాల మీద చీటీలు చదువుతూ నిలబడేదాన్ని. కనిపించిందల్లా తిరగేసి చూడటం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను అరోరా అనే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది కూడా కాలేదు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నాకన్నా మూడేళ్లు ముందు నర్సింగ్ చదివిన ఒకావిడ అప్పటికే అక్కడ ఉంది. వరసకి ఏమీ కాదుగానీ, అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరం కలిసి ఒక ముసలి దంపతుల ఇంట్లో పై అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఆయన ఫ్యాక్టరీలకు లైట్లు బిగించే ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆవిడ స్కూల్లో పిల్లలకు వంట చేసి రిటైరైంది. ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడు వారాలకొకసారి మా ఆసుపత్రికే వచ్చి మందు ఎక్కించుకుని వెళ్లేవాడు. వెళ్లాక వారం రోజులు ఏం తిన్నా నిలిచేది కాదు. మంచినీళ్లు తాగినా కక్కేవాడు. వంట తప్ప ఇంకో లోకం తెలియని ఆవిడ, సూపు గిన్నె పట్టుకుని బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. బరువు ఇలాగే తగ్గుతూ పోతే మందు ఆపేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పేశాడు.

ఒకరోజు సాయంత్రం బట్టలు వేయడానికి దిగితే, ఈమధ్యే తాళం పడిన చిన్న గది తలుపు కింద తెల్లటి వెలుతురు కనిపించింది. అంతకుముందు ఆ గదిలో ఆవిడ ఆఫ్రికన్ వయొలెట్లు పెంచేది. అరచేతంత కుండీల్లో, ట్యూబ్‌లైట్ల కింద, బయట మంచు కురుస్తుంటే లోపల ఊదారంగు పువ్వులు. ఇప్పుడు ఆ కుండీలన్నీ మిషన్ పక్కన నేల మీద ఉన్నాయి. ఏమైందని అడిగితే, "టమోటాలు వేశాంలే, హనీ" అంది. (మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.) ఫిబ్రవరిలో టమోటాలేమిటి, వాటికి తాళమెందుకు అని నేను ఊరుకుంటే కదా! టమోటా నారు చూపించమని వెంటపడ్డాను. ఆవిడకి అబద్ధం అలవాటు లేదు. ముఖం ఎర్రగా కందిపోయింది. తాళం తీసింది.

ఆరు కుండీలు. ఆరు మొక్కలు జానెడేసి. గోడలకి వంటింట్లో వాడే వెండి కాగితం. పైన నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు, గొలుసులతో వేలాడుతున్నాయి. ఒకటి తెల్లగా, ఒకటి కాస్త పసుపుగా, వరసమార్చి బిగించి ఉన్నాయి. వేళ్లు చాపినట్టున్న ఆ రంపపు ఆకులు చూడగానే టమోటా కాదని తెలిసిపోయింది. మా ఊరి గుట్టమీద కాపురం పెట్టిన ఒక సాధువు దగ్గర ఎండిన ఆకు చూశానుగానీ, పచ్చిగా బతికున్న గంజాయి మొక్కని చూడటం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో ఆయన పక్క బెడ్ పేషెంట్ ఎవరో చెప్పారట, రెండు దమ్ములు పీలిస్తే వాంతి ఆగుతుందని, ఆకలి కూడా వేస్తుందని. చెప్పినవాళ్లే ఆస్పిరిన్ సీసాలో కాసిని గింజలు పోసి ఇచ్చారట. "ఆదివారం చర్చిలో తలెత్తలేకపోతున్నాను. కానీ ఆయన తినాలి. నాకింకేం అక్కర్లేదు" అంది ఆవిడ. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

నేను పైకెళ్లి కడుపులో దాచుకోలేక అక్కకి చెప్పేశాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందటే? గంజాయా!" అక్క చేతిలో గరిటె స్టవ్ మీద పడేసింది. "ఎవరన్నా పోలీసులకి ఫోన్ చేశారంటే మన లైసెన్స్‌లు క్యాన్సిల్ చేస్తారు. వీసా పోద్ది. ఇద్దరం సూట్‌కేస్‌లు ప్యాక్ చేసుకుని ఫ్లైట్ ఎక్కాల్సిందే."

"ఆయన నిన్న మళ్లీ కక్కాడక్కా. నువ్వే కదా క్లీన్ చేసింది."

అక్క గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సరే. నాకేం తెలవదు. లాండ్రీకి ఇకమీదట నువ్వే పో. నా బట్టలు కూడా నువ్వే వెయ్యి" అంది. ఆ ఆదివారం ఎవరింట్లోనో మన తెలుగువాళ్ల ప్రార్థనకి కూడుకున్నప్పుడు, అక్క కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది: "ప్రభువా, మా ఇంటి ఓనరు గారికి ఆకలి దయచేయి. మా ఇంటికింద ఉన్నదాన్ని కూడా నీవే కాచి కాపాడు." అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికింద ఏముందో ఎవరూ అడగలేదు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇద్దరి బట్టలూ నా మీద పడ్డాక రోజూ బేస్‌మెంట్‌కి దిగడానికి కారణం దొరికింది. గోడమీద పెన్సిల్‌తో గీతలు పెట్టి మొక్కలు ఎంత ఎదుగుతున్నాయో చూసేదాన్ని. ఓపిక ఉన్నరోజు ఆయన దిగివచ్చి గొలుసులు ఒక్కో లింకు పైకి జరిపేవాడు. ఆకుకీ లైటుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, అంతే. ట్యూబ్ కింద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. చలిచలిగా ఉండే ఆ వెలుతురుని ఎండ అనుకుని ఆ మొక్కలు ఎట్లా నమ్ముతున్నాయో నాకు బోధపడలేదు. అదే అడిగితే ఆయన, "నలభై ఏళ్లు ఫ్యాక్టరీల్లో మనుషుల్ని నమ్మించాను, మొక్కలెంత" అన్నాడు. నవ్వితే దగ్గు వచ్చేది, అయినా నవ్వేవాడు.

ఒక కుండీ తిప్పిపెడితే పొద్దుటికి ఆకులన్నీ మళ్లీ లైటు వైపే తిరిగేవి. ఆకు నలిపి వాసన చూశాను. కాస్త నిమ్మతొక్కలా, ఉడుంపట్టులా వేళ్లని వదలని వాసన. వేళ్లు జిగురుగా అయ్యాయి. ఆ జిగురు తగలగానే నాకు మా పొలం గుర్తుకొచ్చింది.

మా నాన్న పొగాకు రైతు. సిగరెట్ల పొగాకు. పచ్చాకుని నిప్పు సెగతో ఆరబెట్టే బ్యారన్ గది పక్కనే నా చిన్నతనమంతా గడిచింది. మొక్క నడుము దాకా ఎదిగి తల మీద మొగ్గ వేయగానే, ఇంటిల్లిపాదీ పొద్దున్నే చేలో దిగి ఆ తలలు తుంచేవాళ్లం. తుంచకపోతే బలమంతా పువ్వుకి పోయి ఆకు పలచబడిపోతుంది. తుంచాక ఆకు సందుల్లో పిలకలు వస్తాయి. వాటినీ గిల్లేయాలి. వేళ్లకి పట్టిన జిగురు ఎంత కడిగినా పోక, అన్నం చేదుగా ఉండేది. నాకు అక్షరాలకన్నా ముందు వచ్చిన పని అది.

మార్చిలో ఆయన కొత్త విడత మందు కోసం నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆవిడ కూడా కుర్చీలో ఆయన దగ్గరే పడుకుంది. వెళ్తూ తాళం చెవి నా చేతిలో పెట్టి, "నీళ్లు పొయ్యి, పొద్దున ఆరింటికి లైట్లు వెయ్యి, సాయంత్రం ఆరింటికి ఆర్పెయ్యి. చీకట్లో తలుపు తియ్యకు. అంతే" అంది. చీకటెందుకో నేను అడగలేదు. కరెంటు బిల్లుకి భయపడుతున్నారేమో అనుకున్నాను. రోజుకి వంద ప్రశ్నలడిగే నేను అడగాల్సిన ప్రశ్న కూడా అడగలేదు. ఈ మొక్కలో పనికొచ్చేది ఏది? నా దృష్టిలో అది ప్రశ్నే కాదు. పీల్చేదేదైనా ఆకే.

రెండోరోజు పొద్దున చూస్తే కొమ్మల చివర్ల తెల్లటి సన్నని వెంట్రుకలతో మొగ్గలు. ఒకటి కాదు, ప్రతి కొమ్మకీ. ఆకు సందుల్లో కూడా. నాకు కంగారు పుట్టింది. వీళ్లకి తెలియదు పాపం, పట్నం మనుషులు, పువ్వొచ్చేదాకా వదిలేశారు, ఆకంతా పాడైపోతుంది అనుకున్నాను. చేతులు వాటంతట అవే కదిలాయి. బొటనవేలు గోటితో ఒక్కొక్కటే తుంచాను. పిలకల్లాంటివన్నీ గిల్లాను. అరగంటలో ఆరు మొక్కలూ నున్నగా అయిపోయాయి. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. తుంచినవన్నీ పేపర్లో చుట్టి, ఎవరి కంటా పడకుండా చెత్త సంచి అడుగున పెట్టాను. మర్నాడు చెత్త బండి వచ్చి పట్టుకుపోయింది.

వాళ్లు ఇంటికొచ్చిన రోజు ఆవిడ కోటు కూడా విప్పకుండా బేస్‌మెంట్‌కి దిగింది. నేనూ వెనకే వెళ్లాను, మెచ్చుకుంటుందని.

"పువ్వులేవి?" అంది.

"తుంచేశాను. ఇక ఆకు మందంగా వస్తుంది చూడండి."

ఆవిడ ఒక్కో కొమ్మనీ వేలితో తడిమి చూసింది. "మాకు కావాల్సింది పువ్వే. దానికోసమే చీకటి పెడుతున్నాం. ఆకులో ఏమీ లేదు, హనీ." తర్వాత, "ఎక్కడ పడేశావు?" అంది. చెప్పాను. మెట్లెక్కి బయటికి పరిగెత్తింది. కిటికీలోంచి చూశాను. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో నిలబడి, ఖాళీ చెత్తడబ్బాలోకి వంగి చూస్తోంది. తిట్టినా బాగుండేది. ఆవిడ లోపలికొచ్చి ఆయనకి టీ పెట్టింది.

నేనే ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలర్‌లో మెడ ఇంకా సన్నబడింది. నేను ఏడుస్తూ పొగాకు సంగతంతా, తలలు తుంచడం, పిలకలు గిల్లడం అంతా చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఆపి అడిగాడు కూడా, బ్యారన్‌లో నిప్పు ఎన్ని రోజులు ఉంచుతారు, ఆకు ఏ రంగుకి వస్తే తీస్తారు అని. చివరికి, "ఆ ఆకంతా ఎక్కడికి పోయేది?" అన్నాడు.

"సిగరెట్లకి. ఓడల్లో బయట దేశాలకి కూడా పోయేదంటారు."

"మంచి ఆకేనా?"

"మంచి ఆకేనండీ."

ఆయన తల ఊపాడు. నలభై ఏళ్లు రోజుకి రెండు పెట్టెలు కాల్చిన మనిషి. నా నర్సింగ్ ఫీజు కట్టింది ఆ ఆకే. ఇద్దరికీ తెలిసిన ఆ సంగతి ఇద్దరం మాట్లాడలేదు.

ఆరో మొక్క గోడ మూలకి ఉండేది. దానికి అడుగున, నా చెయ్యి సరిగ్గా ఆనని చోట, మూడు చిన్న కొమ్మలు మిగిలాయి. ఆవిడే కనిపెట్టింది. మిగతా ఐదూ ఇక పూయవని తీసేసి, లైట్లన్నీ ఆ ఒక్క మొక్క చుట్టూ దించాం. ఆయనకి వంగే ఓపిక లేకపోయింది. కుర్చీలో కూర్చుని చెబుతుంటే గొలుసులు నేను జరిపాను. ఈసారి అడక్కుండా దేని మీదా చెయ్యి వేయలేదు. ఆ మూడు కొమ్మల పువ్వు ఎండాక ఆవిడ అరచేతిలో పట్టింది. రెండు విడతల మందుకి మాత్రమే సరిపోయింది. మూడో విడతకి బరువు పడిపోయిందని డాక్టర్ ఆపేశాడు. ఆగస్టులో ఆయన పోయాడు. ఆ జబ్బు ఆ దశలో ఎటు పోతుందో నర్సుగా నాకు తెలుసు. నా వేళ్లే ఆయన్ని చంపాయని నేను అనుకోవడం లేదు. కానీ ఆ ఐదు మొక్కలూ పూసి ఉంటే ఎన్ని పూటలు తినేవాడో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

ఆ పువ్వుతో మొదటిసారి ఆయన తిన్న రోజు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం. వెనక వరండాలో కూర్చుని రెండు దమ్ములు పీల్చి, చాలాసేపు దగ్గాడు. ఊపిరితిత్తులు చెడిన మనిషి చేతిలో మళ్లీ పొగ చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. అరగంట తర్వాత లోపలికొచ్చి, ఒక కోడిగుడ్డు వేయమన్నాడు. ఆవిడ వేసింది. తిన్నాడు. ఇంకొకటి అడిగాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి, గుడ్డు పగలగొట్టకుండా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. భుజాలు కదులుతుంటే నేనే వెళ్లి ఆ గుడ్డు తీసుకుని పెనం మీద వేశాను.

రెండోదీ తిన్నాడు. ప్లేటు రొట్టెముక్కతో శుభ్రంగా తుడిచి, నా వైపు చూసి కన్నుకొట్టాడు. "నువ్వు తుంచకపోయి ఉంటే, అమ్మాయ్, ఈ ఊళ్లో గుడ్లు మిగిలేవి కావు" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది నేనే. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.