లోకమంతా విన్న తిట్టు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పరుపుల పెద్దమ్మ విషయంలో ఆ సామెత నలభై ఏళ్ళుగా తప్పుతూనే ఉంది. ఆవిడ నోరు ఎంత చెడ్డదో, వీధి ఆవిడకి అంత మంచిది. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు నాలుగు చీవాట్లు తిని, ఆ తర్వాత కొలతలు చెప్పేవారు. "ఇది పరుపా, పాత గోనెసంచా? ఇన్నాళ్ళూ దీని మీద ఎలా పడుకున్నావయ్యా?" అని అడిగితే పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా తల గోక్కునేవారు.

దుకాణం ఒకటే గది. అందులో సగం దూది ఏకే మెషీను, మిగతా సగం ఏకిన దూది గుట్ట. గుమ్మంలో చాప వేసుకుని, జానెడు సూదితో, మైనం రాసిన దారంతో పెద్దమ్మ కుడుతూ ఉండేది. పని మొగుడి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక మెషీను మోత ఆగితే ఇల్లు బోసిపోతుందని ఆపలేదు. ఇప్పుడు మెషీను కోడలి చేతిలో ఉంది, సూది తన చేతిలో ఉంది. రోజుకి ఒక్కసారైనా పోట్లాడుకోకపోతే అత్తాకోడళ్ళిద్దరికీ తోచదు.

రోడ్డుకి అవతల సొంత తమ్ముడే ఫోమ్ పరుపుల షాపు పెట్టాడు. వీధి అతనికి 'స్పాంజి' అని పేరు పెట్టింది. "అక్కా, నీ దూదికి కాలం చెల్లిపోయిందే" అని అతను అక్కడినుంచి అరిచేవాడు. "చిన్నప్పుడు రోజూ పరుపు తడిపేవాడివి. అప్పుడే స్పాంజి ఉండుంటే అమ్మ దాన్ని పిండలేక చచ్చుండేదిరా!" అని ఆవిడ ఇక్కడినుంచి అరిచేది. బేరానికి వచ్చినవాళ్ళు మధ్యలో నిలబడి నవ్వుకునేవారు. మధ్యాహ్నం మాత్రం తమ్ముడి భోజనం అక్క దగ్గరే.

పెద్దమ్మ దుకాణం పక్కనే ఒక అపార్ట్‌మెంటు. దాని మూడో అంతస్తులో ఒక నాలుగేళ్ళ పిల్ల ఉంది. పెద్దమ్మ పెట్టిన పేరు పిడుగు. బడి నుంచి వస్తూ వస్తూ తల్లి చెయ్యి విదిలించుకుని దుకాణంలో దూరేది. దానికి కావలసింది ఒక్కటే, ఆ దూది గుట్టలోకి ఒక్క దూకు దూకడం. గుట్ట పక్కనే మెషీను, గుట్టలో ఎక్కడైనా విరిగిన సూది ఉండొచ్చు. అందుకని పెద్దమ్మ కేకేసేది. "దూకావంటే కాళ్ళు విరగ్గొట్టి పరుపులో కూరి కుట్టేస్తా! కూర్చో అక్కడ!" పిడుగు మూతి ముడుచుకుని గడప మీద కూలబడేది, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, బుగ్గలు పూరించుకుని. ఇది రోజూ ఉండేదే.

ఆ రోజు బడికి సెలవు. పదకొండు దాటింది. పిడుగు తల్లి బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. వెళ్ళిన కాసేపటికే పిల్ల లోపల గడియ పెట్టేసుకుంది. బొమ్మ కింద పడిందనో ఏమో, కూలర్ కోసం ఊచలు తీసేసిన కిటికీలోంచి బయటికి వచ్చి, కింది అంతస్తు కిటికీ మీదున్న సన్‌షేడ్ మీద కూర్చుంది. మూరెడు వెడల్పు పలక అది. దాని మీద కాళ్ళు వేలాడేసుకుని, బొమ్మకి జడ వేస్తోంది.

మొదట చూసింది దారిన పోయే మనిషెవరో. చూసినవాడు అరవాలి కదా, ఫోన్ తీశాడు. పావుగంటలో టీవీలో ఎర్రటి అక్షరాలతో బ్రేకింగ్ న్యూస్. పిల్ల చుట్టూ గుండ్రటి గీత, దాని వైపు ఒక బాణం. వీధి చివర టీ కొట్టులో ఇరవై మంది నోళ్ళు తెరుచుకుని ఆ టీవీకేసి చూస్తున్నారు. గుమ్మం దాటి తలెత్తితే అసలు పిల్లే కనిపిస్తుంది. అయినా బాణం లేని పిల్లని చూడాలని ఎవరికీ తోచలేదు.

కాసేపటికి వీధి జనంతో నిండిపోయింది. తలో మాట. "కదలకమ్మా!" అని ఒకరు, "లోపలికి పో!" అని ఇంకొకరు, "కళ్ళు మూసుకో!" అని ఒక మహానుభావుడు. అందరికీ ఫోన్లే. ఎక్కడో దూరాన టీవీ చూస్తున్న బావగారు ఇక్కడి బావమరిదికి ఫోన్ చేసి, పిల్లని ఎలా దింపాలో ఉపాయం చెబుతున్నాడు. ఫైరింజను బయల్దేరింది కానీ, పిల్లని చూడ్డానికి వచ్చిన బళ్ళు అడ్డంపడి మలుపులోనే ఇరుక్కుపోయింది.

పెద్దమ్మ సూది చాపకి గుచ్చి లేచింది. పైకి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒరేయ్ తమ్ముడూ! నోరు తెరుచుకుని చూస్తావేంరా? పరుపులు తీసుకురా!"

స్పాంజి కొత్త పరుపులకి కవర్లు కూడా విప్పకుండా లాక్కొచ్చాడు. అది చూసి వీధిలో ఎవరి ఇంట్లోకి వాళ్ళు పరిగెత్తారు. ఇక చూడాలి. పక్కింటివాళ్ళని కూడా పడకగది గడప తొక్కనివ్వని మనుషులు తమ పరుపుల్ని నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీదికి వచ్చేశారు. ఎవరి పిల్లలు ఎన్నిసార్లు తడిపారో ఆ మరకలే చెబుతున్నాయి. గడప దగ్గరే చెప్పులు విప్పించే రిటైర్డు హెడ్మాస్టరు పరుపు మధ్యలో ఇంత గుంట, పక్కన కాఫీ ఒలికిన మచ్చ. నెల కిందట పెళ్ళయిన జంట పరుపుని చెరో కొసా పట్టుకుని తెచ్చింది. సిగ్గనేది ఆ పూట వీధిలో ఎవరికీ లేదు. అన్నేళ్ళుగా తను తిట్టిన మనుషులు ఇంత మంచివాళ్ళని తెలిసి పెద్దమ్మకి కళ్ళు చెమర్చాయి. అయినా తిట్టడం మానలేదు.

"ఒకదాని మీద ఒకటి పేరుస్తారేంటి? పడ్డ పిల్ల జారి గోడకి కొట్టుకోదూ? తమ్ముడూ, నీ స్పాంజి అడుక్కి వెయ్యి. దూది పైకి రావాలి. కుట్లు తెంపండి!"

కుట్లు తెంపమనడం ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఒక దారం ఊడితే పరుపు తెచ్చినవాణ్ణి ఏడు తరాలు తిట్టే మనిషి. కత్తెర తీసుకుని హెడ్మాస్టరు పరుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"కోసేయ్ పెద్దమ్మా, చూస్తావేం!" అన్నాడు హెడ్మాస్టరు.

పరపరా కోసింది. కోడలు లోపలి గుట్ట అంతా దుప్పట్లలో మోసుకొచ్చి పైన కుమ్మరించింది. అపార్ట్‌మెంటు గోడకీ ప్రహరీకీ మధ్యనున్న సందులో, సరిగ్గా పిల్ల కింద, నిలువెత్తు తెల్లటి గుట్ట లేచింది. పిల్ల జారి నేరుగా కిందికి పడితే దూదిలోనే పడుతుంది. ముందుకి పడితే మాత్రం ప్రహరీ మీద మొనలు తేలిన ఇనప ఊచలున్నాయి. వాటి మీద ఏం కప్పినా ఆగేలా లేదు.

ఈలోగా స్పాంజి పైకి వెళ్ళి, డాబా దిగొచ్చి గుమ్మంలో ఏడుస్తున్న పిల్ల తల్లి పక్కన నిలబడి, ఇంకో ఇద్దరితో కలిసి తలుపు బాదుతున్నాడు. ఆ చప్పుడుకి పిల్ల ఉలిక్కిపడి అంచుకి జరిగింది. వీధి గొల్లుమంది. పెద్దమ్మ కోడలి ఫోన్ లాక్కుంది.

"బాదడం ఆపరా! పిల్ల జడుసుకుంటోంది. తలుపు మీద గాలికోసం పెట్టిన అద్దం పలకలు తీసి, కర్రకి కొక్కెం కట్టి గడియ లాగు. చప్పుడు చేశావో, చంపుతా!"

చప్పుడు ఆగింది. అప్పుడు పిడుగు బొమ్మని పక్కన పెట్టి కిందికి చూసింది. రోజూ దూరం నుంచి చూసి వదిలేసే దూది, ఇంత ఎత్తున, తన కాళ్ళ కిందే ఉంది. పిల్ల మొహం విప్పారింది. లేచి నిలబడింది.

"పెద్దమ్మా!" అని గట్టిగా పిలిచింది. "దూకనా?"

పెద్దమ్మకి అప్పుడు అర్థమైంది. కాపాడ్డానికి వేసిన దూదే పిల్లకి ఎర అయింది. ఆ వేసిన చెయ్యి తనదే. పిల్ల చేతులు చాచి, మోకాళ్ళు వంచి, అంచు మీద ఊగుతోంది. ఆ దూకు దూకితే నేరుగా పడదు, ఊచల మీదికే వస్తుంది.

కింద జనం బతిమాలడం మొదలుపెట్టారు. "వద్దమ్మా, బంగారుతల్లివి కదూ! చాక్లెట్ ఇస్తాం, కూర్చో!" ఇంతమంది ఒక్కసారిగా ముద్దుచేస్తుంటే పిల్లకి హుషారెక్కింది. ఇంకాస్త ముందుకి వంగింది.

పెద్దమ్మకి బతిమాలడం చేతకాదు. చేతనైందే చేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, గొంతు వణుకు పైకి తెలియకుండా ఉండడానికి రెట్టింపు గట్టిగా అరిచింది.

"దూకావంటే కాళ్ళు విరగ్గొట్టి పరుపులో కూరి కుట్టేస్తా! కూర్చో అక్కడ!"

జనం నిర్ఘాంతపోయారు. కెమెరాలన్నీ పెద్దమ్మ వైపు తిరిగాయి.

పైన పిడుగు మూతి ముడుచుకుంది. వెనక్కి ఒక అడుగు వేసి, గోడకి ఆనుకుని కూలబడింది, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, బుగ్గలు పూరించుకుని.

"ఆవిడకి మనసు లేదా? పసిపిల్లని అలాగేనా అనేది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇంకొకరు వంత పాడారు. టీవీలో అప్పటికే ఎర్ర అక్షరాలు మారిపోయాయి: 'చావు అంచున చిన్నారి... కనికరం లేని వృద్ధురాలు'. పెద్దమ్మకి ఇవేవీ పట్టలేదు. తల దించితే పిల్ల లేస్తుందేమోనని, మెడ నొప్పెడుతున్నా, కళ్ళెర్రజేసి పైకే చూస్తూ నిలబడింది. పిల్ల కూడా అలిగి ఆవిడకేసే చూస్తోంది. వాళ్ళిద్దరి మధ్య మూడంతస్తుల గాలి.

అలా ఎంతసేపో. చివరికి గడియ ఊడినట్టుంది, కిటికీలోంచి రెండు చేతులు వచ్చాయి. పిడుగు తల్లి చప్పుడు చేయకుండా పాకుతూ వచ్చి గౌను పట్టుకుని లోపలికి లాగేసింది. వీధి వీధంతా కేరింతలు. పెద్దమ్మ తను పోయించిన దూదిలోనే చతికిలపడింది. ఎవరూ చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మధ్యాహ్నమంతా కోడలి ఫోన్ మోగుతూనే ఉంది. నంబరు ఎలా దొరికిందో గానీ, ఎక్కడెక్కడివాళ్ళో అత్తని తిడుతున్నారు. అత్తని తిట్టే హక్కు తనకొక్కదానికే ఉందనుకునే కోడలు వాళ్ళని ఉతికి ఆరేసింది. సాయంత్రానికి టీవీవాళ్ళకి అసలు సంగతి తెలిసింది. 'తిట్టి ప్రాణం కాపాడిన బామ్మ' అని వేశారు. తిట్టినవాళ్ళే పొగడ్డానికి ఫోన్ చేశారు.

"వృద్ధురాలన్నప్పుడే నయం. ఎవరికే నేను బామ్మని?" అని పెద్దమ్మ విసుక్కుంది.

పరుపులు తెచ్చినవాళ్ళు వచ్చారు. ఎవరి దూది ఏదో కలిసిపోయి తెలిసే దారి లేదు. ఎవరూ నాది నాకే కావాలనలేదు. "ఏదో ఒకటి నింపెయ్ పెద్దమ్మా" అని హెడ్మాస్టరు చాప కొసన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చాడు. స్పాంజి మాత్రం, "అక్కా, అడుగున ఉన్నది నా సరుకే, అది మర్చిపోకు" అని గుర్తుచేశాడు. చాలా రోజులకి పెద్దమ్మ తమ్ముణ్ణి తిట్టకుండా నవ్వింది.

పొద్దు వాలుతుండగా పిడుగు తల్లి పిల్లని ఎత్తుకుని వచ్చింది. వంగి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. పిల్ల మటుకు మొహం అటు తిప్పేసుకుంది.

"పెద్దమ్మతో మాట్లాడవే" అంది తల్లి.

"మాట్లాడను. అందరి ముందూ తిట్టింది. కటీఫ్!"

"ఎన్నాళ్ళే?" అంది పెద్దమ్మ.

"ఎప్పటికీ! నేను పెద్దయినా కూడా మాట్లాడను. ముసలిదాన్నయినా కూడా మాట్లాడను!"

పెద్దమ్మ పిల్లకేసి చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపంతో ముక్కు పుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి బుసబుసా వస్తోంది, పోతోంది.

"అలాగేనమ్మా," అంది. "ముసలిదానివయ్యేదాకా మాట్లాడకు."