ఆరో పాటలో లేని గొంతు

మా బ్యాండులో నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. నా స్నేహితుడు గిటారు పట్టుకుని పాడేవాడు. తిరుపతిలో కాలేజీ రోజుల్లో మొదలైన స్నేహం మాది. తెలుగులో రాక్ పాటలేందని నవ్వినవాళ్లే రెండో పాటకల్లా కుర్చీలెక్కి ఎగిరేవాళ్లు. వాడిది బొంగురు గొంతు. పైస్థాయికి పోయి నిలబడితే హాలు చివర ఉన్నవాళ్లకి కూడా ఒళ్లు జలదరించేది. పదేళ్లు అట్లా ఊరూరా తిరిగాం. తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు. వాడు పుత్తూరులో కరెంటు సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. నేను తిరుపతిలో చిన్న రికార్డింగ్ గది పెట్టుకుని, భక్తిపాటలు రికార్డు చేస్తూ ఉండిపోయాను.

నిరుడు వేసవిలో ఒకరోజు పొద్దున్నే గిటారు భుజానికి తగిలించుకుని నా గది ముందు నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. మెట్లెక్కినందుకే ఆయాసపడుతున్నాడు.

"ఆల్బమ్ చేద్దామప్పా. ఎనిమిది పాటలుండాయి నా దగ్గర" అన్నాడు.

"ఇప్పుడు మనల్ని ఎవురు వింటారు?"

"మనల్ని వినరు. అందుకే పేరున్నోళ్లని పిలుస్తాం. తలా ఒక పాటలో పాడనీ, వాయించనీ."

పిలిచాం. మాకంటే పెద్దవాడైన నాదస్వరం విద్వాంసుడు ఒకాయన వచ్చాడు. గిటారు వైపు చాలాసేపు చూసి, "ఈ కరెంటు వీణకి శ్రుతి ఏందబ్బా?" అని అడిగాడు. ఆ పూట వాళ్లిద్దరూ ఒకరినొకరు తరుముకుంటూ వాయిస్తుంటే నేను డ్రమ్స్ ఆపి నవ్వేశాను. చిత్తూరు నుంచి చర్చి పాటలు పాడే ఒకామె వచ్చింది. చెన్నైలో సినిమాలకి పాడుతున్న మన తిరుపతి అమ్మాయి కూడా ఒప్పుకుంది. వాళ్ల నాయన ఒకప్పుడు మా పాటలకి కుర్చీలెక్కినవాళ్లలో ఒకడంట.

ఆరో పాట మాత్రం వాడు ఎవరికీ ఇవ్వలేదు. అది వాళ్లమ్మ పాట. ఆమె చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజనంతా కాయలు కోసేది. సొన తగిలి వేళ్ల సందులు పుండ్లు పడేవి. రాత్రి పిల్లలకి ముద్దలు కలిపి పెట్టాలంటే కారానికి చెయ్యి మండేది. ఒక్క మాట అనకుండా పెట్టేదని వాడు రాసుకున్నాడు.

ఆ పాట పదకొండుసార్లు పాడాడు. చరణం చివర గొంతు పైకెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ పగిలిపోయింది. మధ్యమధ్య దగ్గు. పదకొండోసారి కళ్లు మూసుకుని పాడి, "ఇది పెట్టు" అన్నాడు. శ్రుతి జారిందని నాకు తెలుసు. వాడికీ తెలిసే ఉంటుంది.

రెండు రోజులకి చెన్నై అమ్మాయి తన పాట పాడటానికి వచ్చింది. ఆ రోజు వాడు లేడు. ఆరో పాట వినిపించి, "ఒకసారి నువ్వు పాడి చూడమ్మా" అన్నాను. ఒక్కసారికే పాడేసింది. ఎంత బాగా పాడిందంటే, నేను హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టి, స్పీకర్లలో మళ్లీ మొదటినుంచి విన్నాను. ఆల్బమ్ కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటి వారం వాడు వస్తే ముందేమీ చెప్పకుండా ఆ పాట పెట్టాను. మొదటి మాటకే తల ఎత్తాడు. రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాది" అన్నాడు. "ఇంకోసారి పెట్టు."

మూడుసార్లు విన్నాడు. "ఆ పాప మా యమ్మని చూసిందే లేదు. ఎట్ల పాడిందబ్బా!" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండుంటే నాకు కొంత తేలికయ్యేది.

తర్వాత, "నాది తుడిపేసెయ్" అన్నాడు.

"ఉండనీలే. యాడో ఒకపక్కన పడుంటాది."

"వద్దప్పా. అది ఉంటే నేను ఊరుకోను. ఏదో ఒకరోజు వచ్చి మళ్లా నాదే పెట్టమంటా."

నేను మళ్లీ వద్దనలేదు. పదకొండూ తుడిపేశాను. అయిపోయేదాకా వాడు నా కుర్చీ వెనకే నిలబడి చూశాడు.

ఆల్బమ్ వచ్చింది. జనం ఎక్కువగా విన్నది ఆరో పాటే. తిరుపతిలో ఒక హోటల్ హాల్లో చిన్న సభ పెట్టినప్పుడు కూడా అదే అడిగారు. ఆ అమ్మాయి పాడుతుంటే వాడు పక్కన నిలబడి గిటారు వాయించాడు. సభ అయ్యాక ఒక కుర్ర విలేకరి నా దగ్గరికి వచ్చి, "గిటారు వాయించిన పెద్దాయన ఎవరు సార్?" అని అడిగాడు. వాడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. విననట్టు గిటారుకి గుడ్డ చుడుతున్నాడు.

నాలుగు నెలలకి పోయాడు. మధ్యాహ్నం అంగడిలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గుండె ఆగిపోయిందన్నారు.

కర్మలన్నీ అయ్యాక వాడి భార్య పుత్తూరు నుంచి బస్సులో నా గదికి వచ్చింది. మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని అడిగింది.

"అన్నా, ఆ ఆరో పాట ఆయన గొంతుతో ఉంటాది గదా. ఆ పాప పాడింది కాదు, ఆయన పాడింది."

లేదని చెప్పాను. తనే తుడిపెయ్యమన్నాడని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. "ఒకసారి సూడన్నా" అంది. లేదని తెలిసీ ఆమె ముందు కంప్యూటరంతా వెతికాను. అరగంట వెతికాను. ఆమె కదలకుండా తెరవైపే చూస్తూ కూర్చుంది.

"ఇంట్లో పాడమని ఎన్నిసార్లో అడిగినా" అంది చివరికి. "రికార్డులో విందువులే అనేవాడు."

మిగతా పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. తీసుకుని కొంగున ముడేసుకుంది. బస్టాండుదాకా వెంట పోయి బస్సెక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని, "నువ్వు పోన్నా, ఎండగా ఉండాది" అంది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ అమ్మాయిని పాడమని అడిగింది నేనేనని మాత్రం ఆమెకి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.