బెంచ్ తలుపు మూసిన రోజు

కొత్త హెడ్ కోచ్ వచ్చిన రోజు అతనికి ఐస్ హాకీ రింకంతా తిప్పి చూపించే పని నాకే అప్పగించారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరి చోటు ఏది, స్కేట్లకు పదును పెట్టే యంత్రం ఎప్పుడు మొరాయిస్తుంది, మ్యాచ్‌కి ముందు పలకరిస్తే ఏ గోల్‌కీపర్‌కి చిరాకు, అన్నీ చెప్పాను. అతను శ్రద్ధగా ఫోన్‌లో రాసుకున్నాడు. చివర్లో, "థాంక్స్, నువ్వు లేకపోతే నా పని అయిపోయేది" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఆ ఉద్యోగం నాది.

మేము హనుమకొండ నుంచి వర్జీనియాలోని షాంటిలీకి వచ్చేసరికి నాది ఐదో తరగతి అయింది. క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు పార్టీ ఐస్ రింక్‌లో చేశారు. మొదటి గంటలో ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. అయినా ఇంటికి తీసుకెళ్లడానికి అమ్మ వచ్చినప్పుడు నేను రింక్ దిగనన్నాను. అలా ఐస్ హాకీలో చేరాను. అమ్మాయిలకు టీమ్ లేదు, అబ్బాయిల టీమ్‌లో వేశారు. గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఆ చోటు నాకిచ్చారు. తెలుగువాళ్ల పార్టీల్లో ఆంటీలు అమ్మను, "ఆడపిల్లని మగపిల్లలతో కొట్టించుకోవడానికి పంపిస్తున్నారా?" అని అడిగేవారు. అమ్మకు హాకీ అర్థమయ్యేది కాదు. కానీ వారానికి నాలుగు రోజులు పొద్దున్నే నన్ను రింక్ దగ్గర దింపి, కారులోనే దుప్పటి కప్పుకొని పడుకునేది.

కాలేజీలో కూడా గోలీగానే ఆడాను. చివరి సంవత్సరం మోకాలు దెబ్బతింది. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న కాలేజీ అమ్మాయిల టీమ్‌కి అసిస్టెంట్ కోచ్‌గా చేరాను. అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాను. మగవాళ్ల టీమ్‌కి ప్రాక్టీస్ మధ్యాహ్నం మూడింటికి. మాకు పొద్దున ఆరింటికి. వాళ్ల బస్సులో కాళ్లు చాపుకోవచ్చు, మా బస్సులో హీటర్ పనిచేస్తే పండగ. ఇవన్నీ అడిగితే, "వచ్చే ఏడాది చూద్దాం" అనేవారు. తొమ్మిదిసార్లు ఆ మాట విన్నాను.

నన్ను చేర్చుకున్న అప్పటి హెడ్ కోచ్ పెద్దాయన, మంచివాడు. ఆటను కొత్తగా చూడటం నాకు నేర్పింది ఆయనే. పక్, అంటే బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ల, ఎటు పోతోందో కాదు, పక్ లేని అమ్మాయి ఎటు పోతోందో చూడమనేవాడు. భార్యకు జబ్బు చేసి, సీజన్ ఇంకో రెండు నెలల్లో మొదలవుతుందనగా ఆయన రిటైరయ్యాడు. ఆ ఏడాదికి తాత్కాలిక హెడ్ కోచ్‌గా నన్ను ఉంచారు. అంతకుముందు సీజన్‌లో మేం లీగ్‌లో చివరి నుంచి రెండో స్థానం. నా సీజన్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఓడిపోయిన ఆ సెమీఫైనల్ తర్వాత మా కెప్టెన్ నన్ను పట్టుకుని ఏడుస్తూ, "కోచ్, వచ్చే ఏడాది కప్పు మనదే" అంది. నేను కూడా నమ్మాను.

ఆ తర్వాత, పద్ధతి ప్రకారం వెతకాలి అంటూ కమిటీ వేశారు. ఇంటర్వ్యూలో ఏడుగురు కూర్చున్నారు. అందులో ఒక పెద్దమనిషి రింక్‌కి స్కోర్‌బోర్డు విరాళమిచ్చినవాడు. ఆయన నా దరఖాస్తును వేళ్లతో తిప్పుతూ, "మీరు పుట్టిన చోట ఐస్ ఉండదు కదా. ఈ ఆట మీద మీకు సహజంగా పట్టు ఎలా వస్తుంది?" అని అడిగాడు. దాదాపు పాతికేళ్ల నుంచి నేను ఐస్ మీదే బతుకుతున్నాను. ఆ మాట అనలేదు. "మంచి ప్రశ్న" అన్నాను. మర్యాదగా, ఓపికగా జవాబు చెప్పాను. బల్ల చుట్టూ ఉన్న మిగతా ఆరుగురిలో ఒక్కరు కూడా కుర్చీలో కదల్లేదు.

రెండు వారాలకు స్పోర్ట్స్ డైరెక్టర్ పిలిచింది. ఆవిడ ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి. ఆ పదవికి చేరడానికి ఏళ్ల తరబడి మగవాళ్ల వెనక నిలబడింది. నాకు న్యాయం చేస్తుందని మనసులో ఒక మూల గట్టి నమ్మకం ఉండేది.

"ఈ టీమ్‌కి గుండెకాయ నువ్వే" అంది. "పిల్లలు నిన్ను తల్లిలా చూస్తారు. కానీ ఇప్పుడు మాకొక లీడర్ కావాలి."

నాకు అప్పుడు ముప్పై నాలుగు. నేనెవరికీ తల్లిని కాను.

"సెమీఫైనల్‌కి వాళ్లను ఎవరు తీసుకెళ్లారు?" అన్నాను.

"చూడు, నేనూ ఇలాగే ఓపిక పట్టాను. నీ టైమ్ వస్తుంది. మేం తీసుకున్న హెడ్ కోచ్ కొత్తవాడు, అతనికి నీ సాయం కావాలి."

అతను అబ్బాయిల జూనియర్ టీమ్‌లకు కోచ్‌గా చేశాడు. అమ్మాయిల టీమ్‌కి ఒక్కరోజు కూడా చేయలేదు. మా ఆటలో ఒంటితో గుద్ది పడేయడానికి వీల్లేదు. ఆ సంగతి చెప్పే రూల్ పుస్తకం అతను మా దగ్గరికొచ్చాకే మొదటిసారి తెరిచాడు. తెరిచి ఇచ్చింది నేనే.

డైరెక్టర్ పిలిచిన రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ముందు ఎత్తాడు. "ఒక్క ఇయర్ ఓపిక పట్టు బేటా. ఇప్పుడు రిజైన్ చేస్తే రెజ్యూమేల గ్యాప్ వస్తది" అన్నాడు. వెనక నుంచి అమ్మ ఫోన్ లాక్కుంది.

"నువ్వు నేర్పిస్తే నేర్చుకునేటోడు నీకు పెద్దసారెట్లయితడే?"

"అట్లనే అయిండమ్మా."

"నువ్వేమన్నవ్ మరి?"

"ఏమనలేదు."

"నేనైతే మొహమ్మీదనే అందును" అంది అమ్మ. హాకీలో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియని మనిషి. ఆ రోజు నాకంటే ఎక్కువ కోపం ఆమెకే వచ్చింది.

అయినా నేను ఉండిపోయాను. ఆ టీమ్‌లో ముప్పావు వంతు అమ్మాయిల్ని వాళ్ల ఊళ్లకు వెళ్లి, వాళ్ల వంటింట్లో కూర్చుని, వాళ్ల అమ్మలతో మాట్లాడి తెచ్చింది నేనే. మీ పిల్లను నేను చూసుకుంటానని మాటిచ్చాను. కోపంగా ఉంది కదా అని ఆ మాటను రింక్ గుమ్మంలో వదిలేసి రాలేకపోయాను.

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం మా రింక్‌లోనే మ్యాచ్. మూడు పీరియడ్ల ఆటలో ఆఖరి పీరియడ్ ఇంకో పన్నెండు నిమిషాలుండగా మా డిఫెన్స్‌లో ఆడే రెండో ఏడాది అమ్మాయి పక్ కోసం మూలకు వెళ్లింది. ఎదుటి టీమ్ అమ్మాయి స్కేట్ జారి వెనక నుంచి వచ్చి పడింది. మా అమ్మాయి తల రింక్ గోడకు తగిలింది. హెల్మెట్ తగిలిన చప్పుడు బెంచ్ దాకా వినపడింది. లేచింది. బెంచ్‌కి వచ్చి కూర్చుంది. దెబ్బలు చూసే ట్రైనర్ అప్పుడే గడ్డం చీరుకుపోయిన ఇంకో అమ్మాయిని లోపలికి తీసుకెళ్లింది. ఆమె వచ్చేదాకా ఈ పిల్లను ఎవరూ ఆడించకూడదు. అది రూలు. రూలు లేకపోయినా కళ్లున్నవాళ్లకు తెలుస్తుంది. ఆ పిల్ల గ్లవ్స్ తీసి, మళ్లీ వేసుకుని, మళ్లీ తీస్తోంది.

నేను ముందుకు వంగి, "స్కోరెంత?" అని అడిగాను.

"ఒకటి-సున్నా" అంది.

అది మొదటి పీరియడ్ నాటి స్కోరు. అప్పటికి రెండు-రెండు.

అంతలో హెడ్ కోచ్ ఆమె భుజం తట్టి, తర్వాతి వంతు ఆడటానికి దిగమన్నాడు. ఆ పిల్ల లేచింది. నేను జెర్సీ కాలర్ పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టాను.

"తలకు తగిలింది. ట్రైనర్ చూడాలి" అన్నాను.

"బాగానే ఉందంటోంది కదా. మనకు డిఫెన్స్‌లో నలుగురే మిగిలారు. పంపించు."

"స్కోర్ తప్పు చెప్పింది."

"నువ్వు తప్పుకో."

నేను బెంచ్ ముందున్న చిన్న తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఐస్ మీదికి దిగాలంటే ఆ పిల్ల నన్ను దాటాలి. అవతల ఆట నడుస్తూనే ఉంది. బెంచ్ మీదున్న అమ్మాయిలందరూ మమ్మల్నే చూస్తున్నారు. అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"ఇది నా బెంచ్. దిగు ఇక్కణ్ణుంచి" అని అరిచాడు.

తొమ్మిదేళ్ల పైచిలుకు మింగినవన్నీ ఆ క్షణంలో గొంతులోకి వచ్చాయి. ఆరింటి ప్రాక్టీసులు, మంచి ప్రశ్న, తల్లి, ఓపిక, అన్నీ. కానీ నోటి నుంచి వచ్చింది ఒకే మాట. "దిగుతున్నాను. ఈ పిల్లను తీసుకునే దిగుతున్నాను." ఆమె చెయ్యి పట్టుకుని వెనక దారిలో ట్రైనర్ గదికి తీసుకెళ్లాను. సగం దూరం వెళ్లాక ఆ పిల్ల గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. మ్యాచ్ ఓడిపోయామని తర్వాత తెలిసింది. నేను మళ్లీ బెంచ్‌కి వెళ్లలేదు.

సోమవారం పొద్దున మీటింగ్. డైరెక్టర్, హెచ్ఆర్ నుంచి ఒకాయన, హెడ్ కోచ్. నా మీద ఆరోపణ, అందరి ముందు హెడ్ కోచ్ అధికారాన్ని ధిక్కరించానని. అతనికి క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసిస్తే విషయం ఇక్కడితో ముగిసిపోతుందని డైరెక్టర్ చెప్పింది. ఆమె గొంతులో నిజంగానే దయ ఉంది. అదే నాకు ఇంకా మంటెక్కించింది.

"ఆ అమ్మాయి ఎలా ఉందని మీలో ఎవరైనా అడిగారా?" అన్నాను.

"అది వేరే విషయం" అన్నాడు హెచ్ఆర్ ఆయన.

ఈసారి నవ్వలేదు. గొంతు తగ్గించలేదు. ఉన్న విషయం అదొక్కటేనని, దాన్ని వదిలేసి నా గొంతు గురించి మాట్లాడటానికి ముగ్గురు కూర్చున్నారని అన్నాను. డైరెక్టర్ వైపు తిరిగి, "మీరు పట్టిన ఓపిక వల్ల మీ తర్వాత వచ్చిన ఆడవాళ్లకు ఏం మేలు జరిగిందో చెప్పండి" అన్నాను. ఆవిడ పెన్ను కిందపెట్టింది. ఆ మాట కొంచెం అన్యాయమని నాకు తెలుసు. అయినా వెనక్కి తీసుకోను.

క్షమాపణ ఉత్తరం రాయలేదు. జరిగింది జరిగినట్టు రెండు పేజీల రిపోర్టు రాశాను. ట్రైనర్ కూడా రాసింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని పిల్ల, నా ఎదుటే సంతకం పెట్టింది. విచారణ జరిగింది. హెడ్ కోచ్‌కి హెచ్చరిక ఇచ్చారు. మే నెలలో, టీమ్ కొత్త దారిలో వెళ్తోంది కాబట్టి నా కాంట్రాక్టు కొనసాగించడం లేదని నాకు ఈమెయిల్ వచ్చింది.

దెబ్బతిన్న అమ్మాయి నాకు కృతజ్ఞతలు చెప్పిందని చాలామంది అనుకుంటారు. మ్యాచ్ అయిన వారం తర్వాత ఆమెను చూడటానికి హాస్టల్ గదికి వెళ్లాను. కిటికీకి దుప్పటి కట్టి చీకట్లో పడుకుంది. వెలుతురు చూస్తే తల పగిలిపోతోందట. నన్ను చూసి గోడ వైపు తిరిగింది.

"అందరి ముందూ నన్ను చిన్నపిల్లలా లాగేశారు, కోచ్. నేను ఆడగలిగేదాన్ని."

"లేదు, ఆడలేవు" అన్నాను.

"అది మీకూ ఆయనకూ గొడవ. మధ్యలో నేను దొరికాను."

ఆ మాట నన్ను కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. తెచ్చిన సూప్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. దారంతా ఆలోచించాను. అతని చోట మా పెద్దాయన ఉండి, పంపించమని ఉంటే ఏం చేసేదాన్ని? తలుపు మూసేదాన్నే. ఆ సంగతి నాకు కచ్చితంగా తెలుసు. ఆ పిల్లకు తెలియదు, తెలియజేసే దారి కూడా లేదు. మరుసటి సీజన్‌లో ఆమె మళ్లీ ఆడింది, అతని కిందే. కాలేజీ వెబ్‌సైట్‌లో మ్యాచ్ వివరాలు చూసి తెలుసుకున్నాను. తల బాగైంది కదా, అది చాలు అనుకోవడానికి ప్రయత్నిస్తాను. కొన్ని రోజులు చాలుతుంది, కొన్ని రోజులు చాలదు.

ఏడాది పాటు షాంటిలీలో అమ్మావాళ్లింట్లో ఉండి చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పాను. ఆ తర్వాత పక్క రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ కొత్తగా అమ్మాయిల హాకీ టీమ్ పెడుతూ హెడ్ కోచ్‌గా తీసుకుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని. "మానలేదు, తీసేశారు" అని మొత్తం చెప్పాను. ఇక్కడికొచ్చి నాలుగేళ్లు. అడిగీ అడిగీ, పోట్లాడి, మగవాళ్ల టీమ్‌తో సమానంగా మధ్యాహ్నం ప్రాక్టీస్ వంతు తెచ్చుకున్నాం. నాతో పనిచేయడం కష్టమని ఇక్కడా అనుకుంటారు. అనుకోనీ.

పోయిన శీతాకాలంలో పాత కాలేజీ టీమ్ మా రింక్‌కి ఆడటానికి వచ్చింది. మాది ఇంకా కుదురుకుంటున్న టీమ్, నాలుగు-ఒకటితో ఓడిపోయాం. ఆట అయ్యాక కోచ్‌లు చేతులు కలపాలి. అతను చెయ్యి చాచి, అదే చిరునవ్వుతో, "పాత సంగతులేవీ మనసులో పెట్టుకోలేదు కదా?" అన్నాడు.

"పెట్టుకున్నాను" అన్నాను.

అతను నవ్వడానికి ప్రయత్నించి, నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. చెయ్యి కలిపి వదిలేసి, డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాను. లోపల మా అమ్మాయిలు తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. బోర్డు ముందు నిలబడి రెండో గోల్ ఎలా పడిందో గీసి చూపించడం మొదలుపెట్టాను.