ముందు లేచిన చెయ్యి

తొమ్మిదేళ్లుగా ఒక ఫొటో బరువు మోస్తున్నాను. నేను తీసిందే. బాగా వచ్చింది కూడా. మీకు నా పేరు తెలియదు, నాకు మీ ముఖం తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. చుట్టూ తిప్పను. ఆ ఫొటో చూపించి ఒక మనిషికి రావలసిన పని రాకుండా చేశాను.

మక్తల్‌లో నాకు స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు. పనిలో నాకు పొగరుంది, దాచను, ఇప్పటికీ ఉంది. ఆ ఎండాకాలం కృష్ణ ఒడ్డున ఒక ఊరి రైతులు పొలానికి నీళ్లు తోడే మోటారు, దాన్ని పెట్టిన తెప్పతో సహా నీళ్లలో మునిగిపోయింది. పల్లి చేను ఎండుతోంది. మోటారును వెతకడానికి వీపున గాలి సిలిండర్లు కట్టుకుని మునిగే జట్టొకటి పట్నం నుంచి వచ్చింది. ఫొటోలకు నన్ను పిలిచిన జట్టు పెద్ద, నీళ్లలోకి దిగే కెమెరా ఉందా అని అడిగాడు. అక్కర్లేదు, ఒడ్డు మీది నుంచే పట్టేస్తాను, నా కన్ను తప్పదు అన్నాను. అందరి ముందూ అన్నాను.

అది ఉత్త గొప్ప కాదు. ఒడ్డున నిలబడ్డవాడికి కనిపించేవి బుడగలే. పొద్దు ఎక్కేలోపే వాటి మర్మం నాకు దొరికింది. బుడగలు కదులుతుంటే కింద మనిషి వెతుకుతున్నట్టు. ఒక్కచోటే నిలిచి వస్తుంటే ఏదో దొరికినట్టు. అక్కడ కెమెరా గురిపెట్టి ఓపిక పడితే తల పైకి లేస్తుంది.

ఆ రోజు మునిగింది ఇద్దరు. ఒకరు జట్టులో పాత మనిషి. ఇంకొకరు అంజిలయ్య, ఆ ఊళ్లో చేపలు పట్టేవాడు, నాకంటే పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. కొన్నాళ్లుగా జట్టు దగ్గర సిలిండర్ పని నేర్చుకుంటున్నాడు. మోటారు నువ్వే కనిపెట్టి తాడు కడితే జట్టులో పెట్టుకుంటానని పెద్ద అతనికి మాటిచ్చి వేరే పని మీద వెళ్లాడు. మోటారు దొరికినవాడు తాడు కొస పట్టుకుని చెయ్యెత్తుతూ లేవాలి. ఆ ఫొటో తీయడమే నా పని.

మధ్యాహ్నం పాత మనిషి బుడగలు ఒకచోట నిలిచాయి. ఇంకేం, దొరికిందనుకుని జూమ్ అక్కడే పెట్టాను. ఆయన నీళ్లలో మునిగిన తుమ్మకంపలో చిక్కుకున్నాడని తర్వాత తెలిసింది. ఎడమవైపు నీళ్ల చప్పుడైతే కెమెరా నుంచి ముఖం తీసి చూశాను. అంజిలయ్య. కళ్లద్దం నుదుటి మీదికి తోసుకుని, తాడు పట్టిన చెయ్యెత్తి నవ్వుతున్నాడు. నేను కెమెరా తిప్పేలోపే తాడును పక్కనే తేలుతున్న తన పుట్టికి, అదే గుండ్రటి బుట్టపడవకు, తగిలించి, ముడి మళ్లీ చూసుకోవడానికి మునిగాడు. కాసేపటికి పాత మనిషి పుట్టి దగ్గర లేచి, ఆ తాడే పట్టుకుని చెయ్యెత్తాడు. నొక్కాను.

సాయంత్రం పెద్ద వచ్చేసరికి, తాడు నేనే కట్టానని ఆ ఇద్దరూ ఎవరికి వారు అన్నారు. ఒడ్డున ఉన్న రైతులకు అంత దూరాన రెండు నల్ల తలలూ ఒకటే. పెద్ద నా వైపు తిరిగాడు.

"నువ్వు జూముల చూసినవు గద. ముందుగాల లేసింది ఎవరు?"

"ఫొటోల ఎవరున్నరో ఆయనే, సార్."

అంత సులువుగా ఎలా వచ్చింది నోట్లోంచి? అంజిలయ్య మీద నాకు పిసరంత కోపం లేదు. పాత మనిషి నాకు చుట్టమూ కాదు. నా కన్ను తప్పిందని ఒప్పుకుంటే, పొద్దున అందరి ముందూ కొట్టిన డబ్బా అందరి ముందే మింగాలి. అంతేనా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఇంకే కారణమూ దొరకలేదు, సిగ్గుగా ఉంది.

అంజిలయ్య గొడవపడతాడనుకున్నాను. పడితే బాగుండేది. కెమెరా తెర మీద ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"గట్లనా తమ్మీ. లేసినంక నాకే సోయి లేకుండెనేమో. ఫొటోల ఆయనే ఉన్నడు గద."

తన చెయ్యి కట్టిన ముడిని కాదనుకుని నా ఫొటోను నమ్మాడు. పని పోగొట్టడం కంటే ఇది పెద్ద తప్పు. జట్టు మర్నాడు అతను లేకుండానే వెళ్లిపోయింది. అంజిలయ్య ఇప్పటికీ పుట్టిలోనే తిరుగుతాడు. నేను ఏటి వైపు వెళితే చేపలిస్తాడు. ఈయన కన్ను తప్పదని పక్కవాళ్లకు చెబుతాడు. ఆ చేపలు ఇంటికి తెచ్చుకుని తింటాను కూడా.

రేపు వెళ్లి అతనికి చెబుతానా? బస్సెక్కితే గంట దారి. మాటివ్వను, నా మాట విలువెంతో మీరు చూశారు. కానీ ఇంతకాలం నోట్లోనే ఆగిన మాట ఇప్పుడు రాస్తున్నాను, రాస్తుంటే గుండె తేలికపడుతోంది. ముందు లేచిన చెయ్యి అంజిలయ్యది. కెమెరాకు అందలేదు. నేను చూశాను.