వెనక బెంచీ నవ్వు

“రేపు లేటుగా రాకు” అన్నాను నేను, వచ్చీరాని ఇంగ్లీషులో.

“నేనెప్పుడూ లేటే, మిస్” అంది ఆమె. అప్పటికే నేను మా స్టేషన్ టార్నీట్‌లో రైలు దిగుతున్నాను.

ఎవరో తెల్లావిడ, నా ఈడుదే. నా పక్కన కూర్చుని ఫోన్‌లో పాత హైస్కూలు కామెడీ సీరియల్ చూస్తోంది. మనవరాలితో కలిసి నేనూ రోజూ చూసేదే. టీచరమ్మ తలుపు తోయగానే నెత్తిన డస్టర్ పడుతుందని నాకు తెలుసు. పడకముందే నవ్వేశాను. ఆమె నావైపు చూసి, ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

“స్కూల్లో ఉన్నప్పటి నుంచీ చూస్తున్నా. పిల్లచేష్టలు అనేవాడు మా ఆయన. ఆయన పోయినా నేను మానలేదు” అంది. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషూ ఆ సీరియల్ పెట్టిన భిక్షే కాబట్టి, అర్థమైంది. మూడో తరగతిలోనే బడి మానిపించారు నన్ను. నేను చూసిన హైస్కూలు అదొక్కటే. రోజూ ఆ సీరియల్ చివర్లో టీచరమ్మ, లేటుగా వచ్చే కుర్రాడు ఒకరితో ఒకరు అనుకునే మాటలే మేమిద్దరం అనుకుని విడిపోయాం.

మా వియ్యపురాలు వచ్చినప్పుడల్లా, “మొగుడు పోయినావిడ స్కూలు పిల్లల సరసాలు చూసి ఇకిలించడమేంటి, వదినా” అనేది. నేను టీవీ కట్టేసేదాన్ని. ఆ రైలు దిగాక కట్టేయలేదు. నిన్న ఆవిడ సోఫాలో ఉండగానే సౌండ్ పెంచాను.

రాశావా, కోడలు పిల్లా? ఏదీ, మొదటినుంచీ చదివి వినిపించు. మీ అమ్మ అన్న మాట మాత్రం మింగేయకు.