ఎండను పిలిచే గింజ

మా అక్క పోయిందని కోదాడ నుంచి బావ ఫోన్ చేసేసరికి, సూర్యాపేటలో నేను పచ్చడికి నిమ్మకాయలు పిండుతున్నాను. ఏడుస్తూనే చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గానీ ఎండలోకి అడుగు పెట్టలేదు. పెట్టి ఉంటే పాడె మీద నుంచి లేచి తిట్టేది.

అక్క జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేది. చెంపల మీద, చేతుల మీద బొల్లి మచ్చలు. ఏనాడూ పౌడరుతో కప్పలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా జాలిగా చూస్తే, "కలర్ ఫోటోనే గదా తీసేది, రెండు రంగులుంటే నష్టమా?" అనేది. నా నోటికి ఊళ్లో పేరుంది గానీ, అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమధ్య మిర్యాలగూడలో నా మనవరాలికి పెదవి పక్కన, మణికట్టు మీద తెల్లమచ్చలు తేలితే, నా కూతురు మాకెవరికీ చెప్పలేదు. బొల్లికి నాటుమందని బావంచాల గింజలు నూరి మచ్చలకు పట్టించి, నడి ఎండాకాలంలో మిద్దె మీద మిరపకాయల పక్కన కూర్చోబెట్టింది. మిరపకాయలు ఎండాయి, పిల్ల బొబ్బలెక్కింది. మరకలు పడకూడదని బొబ్బల చుట్టూ నిమ్మరసం రాసి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి అక్క దగ్గరికి తెచ్చింది. దారి పొడవునా ఎండే.

"సూర్యున్ని ఒకసారి పిలిస్తే సాలదని, మల్ల కబురు పెట్టినవానే?" అంది అక్క.

"బావంచాలు మందే గదా పెద్దమ్మా?"

"మందేనే, కాదంటలేను. గింజల ఉన్న గుణం తోలును ఎండకు అప్పజెప్తది. కొలతల ఉంటే రంగు పుట్టిస్తది, మీరితే కాలుస్తది. నిమ్మరసం గూడ గా తీరుదే. ఆ కొలత డాక్టరుకు తెలుస్తది, నీ మిద్దెకేం తెలుస్తది?"

బొబ్బలు మానాయి, చుట్టూ నల్లటి మరకలు మిగిలాయి. పిల్ల కాలేజీ మానేసింది. ఇంట్లో కూడా ముఖానికి స్కార్ఫే. చదువు అక్కడితో ఆగిపోతుందని భయపడ్డాం. సూర్యాపేటలో చర్మం డాక్టరు దగ్గరికి ప్రతిసారీ అక్కే వెంటబెట్టుకుని వెళ్లింది. ఒకరోజు ఆసుపత్రి వరండాలో పిల్లకు తన మణికట్టు చూపించింది. తెల్లమచ్చ నడుమ రాగిగింజల్లాంటి గోధుమరంగు చుక్కలు.

"చిన్నప్పటి మందుకు రంగు తిరిగొచ్చిన చుక్కలు గివ్వే. వచ్చినయి నాయే, రానియి గూడ నాయే. స్కార్ఫ్ ఎండకు కట్టుకో బిడ్డా, మనుషులకు కాదు."

కొన్నాళ్లకు పిల్ల మళ్లీ కాలేజీకి వెళ్లింది. ఆ మాట వినడానికి అప్పటికింకా అక్క ఉంది. అదొక్కటే నాకు ఓదార్పు.

కోదాడలో అక్కను సాగనంపేవేళ ఆమె ఆడబిడ్డ పసుపు గిన్నె తెచ్చింది. "ముత్తయిదువ. ముఖానికి మందంగ రాయుండ్రి, మచ్చలు కనబడొద్దు."

నేను నోరు తెరిచేలోపే మనవరాలు గిన్నె అందుకుంది.

"పాదాలకు రాస్తా. ముఖాన బొట్టు పెడ్తా. మచ్చలు మాత్రం మూయను. పెద్దమ్మమ్మ ఎన్నడన్న మూసుకున్నదా?"

బావ తల ఊపాడు. పిల్ల అక్క పాదాలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కకు వాలిన చేతిని సరిచేసి పట్టుకుంది. పిల్ల మణికట్టు మీదా తెల్లమచ్చ నడుమ గోధుమరంగు చుక్కలు మొలుస్తున్నాయి. షామియానా సందులోంచి ఎండ జారి, ఆ రెండు చేతుల మీదా పడింది.